అక్కరలేని బీమా పాలసీ: బాండు ఇవ్వాలా, సొమ్ము ఇవ్వాలా?

తిరుపతిలో పదవీ విరమణ చేసినవారి ఇళ్లలో బీరువా తెరిస్తే ఒకటో రెండో ఎల్ఐసీ బాండ్లు బయటపడతాయి. దేవస్థానం ఉద్యోగులు, రైల్వే ఉద్యోగులు, విశ్వవిద్యాలయ అధ్యాపకులు, బడిపంతుళ్లు జీతంలో కోత పెట్టించుకుని ఏళ్ల తరబడి ప్రీమియం కట్టిన పాలసీలవి. తీసుకున్న రోజున పిల్లలు చిన్నవాళ్లు, ఇంటి అప్పు నెత్తిమీద ఉంది. ఇప్పుడు పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో, ఇంకా దూరమైతే అమెరికాలోనో స్థిరపడ్డారు. అప్పు తీరిపోయింది. చిత్తూరు వైపు మామిడి తోటలు, బెల్లం వ్యాపారం ఉన్న కుటుంబాల్లోనూ ఇదే పరిస్థితి. ఏజెంటు బంధువో స్నేహితుడో కావడంతో కాదనలేక తీసుకున్న పాలసీ ఒకటి ఎక్కడో మూలన ఉంటుంది. దాన్ని అన్నదానానికో, పేద రోగుల వైద్యానికో, అనాథ పిల్లల చదువుకో ఇచ్చేద్దామన్న ఆలోచన ఈమధ్య చాలామందికి వస్తోంది.

మెచ్చుకోవలసిన ఆలోచనే. అయితే పాలసీని దానం చేయడం నగదునో బంగారాన్నో దానం చేసినంత సూటిగా జరగదు. పాలసీ అంటే భవిష్యత్తులో ఒక రోజున ఇంత సొమ్ము ఇస్తామని బీమా కంపెనీ రాసిచ్చిన ఒప్పందం. ఆ ఒప్పందానికి ఈ రోజు ఉన్న విలువ వేరు, ఎనిమిదేళ్ల తరవాత ఉండే విలువ వేరు, పాలసీదారు మరణించిన రోజున వచ్చే మొత్తం వేరు. అందుకే బాండును ఎవరి పేరిట రాయాలన్నది రెండో ప్రశ్నే అవుతుంది. ఏ దశలో, ఏ రూపంలో ఇస్తే సంస్థకు ఎక్కువ మేలు జరుగుతుందో ముందు తేలాలి. మన ప్రాంతంలో ఎక్కువ కుటుంబాలకు వర్తించే సమాధానం ఒకటే: బాండును అట్టిపెట్టుకుని, దాని సొమ్మును సరైన సమయంలో ఇవ్వడమే మేలు. బాండునే బదిలీ చేయడం తగిన సందర్భాలు లేకపోలేదు, కానీ అవి తక్కువ.

ఈ ఆలోచన చాలా ఇళ్లలోకి అమెరికాలో ఉన్న పిల్లల ద్వారా వస్తోంది. అక్కడ పాలసీని ధర్మసంస్థకు ఇవ్వడం బాగా స్థిరపడిన పద్ధతి. సంస్థను లబ్ధిదారుగా రాయవచ్చు, లేదా పాలసీ యాజమాన్యాన్నే సంస్థకు మార్చి, ఆ తరవాతి ప్రీమియాలకు సరిపడా సొమ్మును ఏటా విరాళంగా ఇవ్వవచ్చు. పెద్ద విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు ఇలాంటి కానుకలను ఏ షరతులపై స్వీకరించాలో ముందే నియమాలు రాసిపెట్టుకుంటాయి. పెద్ద ఆస్తులున్నవారిని ఈ దారి పట్టించే ఒక బలమైన కారణం అక్కడి వారసత్వ పన్ను. మన దేశంలో అలాంటి పన్ను, అంటే ఎస్టేట్ డ్యూటీ, 1985లోనే రద్దయింది. బీమా చట్టం వేరు, పన్ను చట్టం వేరు, ధర్మసంస్థలపై ఉన్న ఆంక్షలు వేరు. కాబట్టి అక్కడి సలహాను ఉన్నదున్నట్టు ఇక్కడ అమలు చేస్తే చిక్కులు తప్పవు.

అక్కర లేదని తేల్చేది ఎవరు?

పాలసీ ఇక అవసరం లేదని సాధారణంగా నిర్ణయించేది పాలసీదారు. కానీ దాని అవసరం ఎవరికి పడుతుందో వాళ్ల వైపు నుంచి చూడాలి. ముఖ్యంగా భార్య వైపు నుంచి.

ప్రభుత్వ ఉద్యోగం చేసి పింఛను తీసుకుంటున్న దంపతులను తీసుకుందాం. పాత పింఛను విధానంలో పూర్తి సర్వీసు చేసినవారికి చివరి జీతంలో సగం పింఛనుగా వస్తుంది. ఆయన పోయాక ఆమెకు వచ్చే కుటుంబ పింఛను సాధారణంగా చివరి జీతంలో 30 శాతం. అంటే నెలకు 100 రూపాయలు వచ్చే చోట 60 రూపాయలు వస్తాయి. ఇంటి ఖర్చు మాత్రం ఆ మేరకు తగ్గదు. వయసు పెరిగే కొద్దీ మందుల ఖర్చు పెరుగుతుంది, తోడుగా ఒక మనిషిని పెట్టుకోవలసి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1న గానీ ఆ తరవాత గానీ ఉద్యోగంలో చేరి, సీపీఎస్ అనే వాటా పింఛను పథకంలో ఉన్నవారికి పాత పద్ధతి పింఛను భరోసా కూడా లేదు. ప్రైవేటు ఉద్యోగులకు పీఎఫ్ ద్వారా వచ్చే పింఛను చాలా స్వల్పం. ఇలాంటి ఇంట్లో 5 లక్షల పాలసీ ఆమెకు ఆసరా. దాన్ని దానమివ్వాలా వద్దా అని తేల్చే హక్కు ఆమెకూ ఉంది. ఇక్కడ మొహమాటం పనికిరాదు. భార్యతో కూర్చుని, ఆయన లేని నెలలో ఇంటికి వచ్చేదెంత, అయ్యేదెంత అని కాగితం మీద రాసుకున్నాకే మిగతా మాటలు.

ఆ పాలసీ ఆమె కోసమే తీసుకున్నదైతే చట్టమే అడ్డుపడుతుంది. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టంలోని 6వ సెక్షన్ కింద భార్యాపిల్లల కోసం తీసుకున్న పాలసీ వాళ్ల పేరిట ట్రస్టు లాంటిది. కట్టింది భర్తే అయినా అది ఆయన సొత్తు కాదు, ఆయన ఇష్టప్రకారం ఇతరులకు ఇవ్వడానికి వీల్లేదు. బాండులో ఈ చట్టం ప్రస్తావన ఉందో లేదో ముందే చూసుకోవాలి. పాలసీ మీద అప్పు తీసుకుని ఉన్నా, ఇంటి రుణం కోసం బ్యాంకుకు హామీగా పెట్టి ఉన్నా ముందు ఆ బాకీ సంగతి తేలాలి. ఇంటి అప్పు ఎప్పుడో తీర్చేసి, బ్యాంకు నుంచి పాలసీని తిరిగి తమ పేరిట రాయించుకోవడం మరచిపోయినవాళ్లు చాలామందే ఉంటారు.

ఎనిమిదేళ్ల లెక్క

ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు లెక్క తెలియడానికి అనుకున్నవి మాత్రమే. పాలసీ మొత్తం 5 లక్షలు, కాలం 20 ఏళ్లు, ఏడాదికి ప్రీమియం 25,000 రూపాయలు. 12 ఏళ్లు కట్టారు. బోనస్ వెయ్యికి 40 రూపాయల చొప్పున ఏటా 20,000 జమ అవుతూ వచ్చిందనుకుంటే, ఇప్పటికి 2,40,000 చేరింది. పాలసీదారు ముందు మూడు దారులున్నాయి.

మొదటిది సరెండర్. పాలసీని రద్దు చేసుకుని, ఇప్పుడు వచ్చేది తీసుకోవడం. ఆ మొత్తం 3 లక్షలు అనుకుందాం. రెండోది ప్రీమియం ఆపేసి పాలసీని పెయిడప్‌గా ఉంచడం. అప్పుడు పాలసీ మొత్తం కట్టిన ప్రీమియాల నిష్పత్తిలో తగ్గుతుంది. 20లో 12 కట్టారు కాబట్టి 5 లక్షలు 3 లక్షలవుతుంది. అప్పటిదాకా జమ అయిన బోనస్ కలిపితే గడువు నాటికి 5,40,000 వస్తుంది. మూడోది మిగిలిన ఎనిమిదేళ్లూ ప్రీమియం కట్టడం. బోనస్ అదే రేటులో కొనసాగితే గడువులో 9 లక్షలు వస్తుంది.

మూడు లక్షల పక్కన తొమ్మిది లక్షలు కనబడగానే సరెండర్ తెలివితక్కువ పని అనిపిస్తుంది. ఇక్కడ తొందరపడకూడదు. ఈ రోజు చేతికొచ్చిన 3 లక్షలను 7 శాతం వడ్డీకి ఎనిమిదేళ్లు బ్యాంకులో ఉంచితే దాదాపు 5,15,000 అవుతుంది. పెయిడప్ దారిలో వచ్చే 5,40,000కు అది పెద్ద దూరంలో లేదు. ఏటా కట్టవలసిన 25,000ను కూడా అదే వడ్డీకి వేసుకుంటూ పోతే మొత్తం 7,90,000 దాకా చేరుతుంది. పాలసీ కొనసాగిస్తే వచ్చే 9 లక్షలు దీనికంటే ఎక్కువే. పైగా మధ్యలో పాలసీదారు మరణిస్తే తేడా ఇంకా పెరుగుతుంది. మూడేళ్లకే మరణం సంభవిస్తే కొనసాగుతున్న పాలసీ మీద 5 లక్షలు, 15 ఏళ్ల బోనస్ 3 లక్షలు, కలిపి 8 లక్షలు వస్తాయి. పెయిడప్ అయిన పాలసీ మీద 5,40,000 వస్తుంది. సరెండర్ సొమ్ము అప్పటికి 3,67,000 దగ్గర ఉంటుంది.

ఈ లెక్కలో తేలేది ఇదీ. ప్రీమియం కట్టే శక్తి, ఓపిక ఉన్న దాత పాలసీని గడువుదాకా నడిపి ఆ తరవాత సొమ్ము ఇస్తే సంస్థకు ఎక్కువ చేరుతుంది. ప్రీమియం భారమనిపించినవారికి పెయిడప్ మంచి దారి. కట్టవలసిన పని ఉండదు, పాలసీ చావదు. సంస్థకు ఈ రోజే సొమ్ము అవసరమైతే సరెండర్‌ను తప్పుపట్టలేం. ఆకలి, చికిత్స ఎనిమిదేళ్లు ఆగవు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానానికి వెన్నుదన్నుగా ఉన్న శ్రీ వేంకటేశ్వర అన్నప్రసాదం ట్రస్టు విరాళాలను జాతీయ బ్యాంకుల్లో డిపాజిట్ చేసి, వచ్చే వడ్డీని అన్నప్రసాదానికి వాడుతుంది. అలాంటి చోట ఇప్పుడిచ్చిన 3 లక్షలు 7 శాతం లెక్కన ఏటా 21,000 రూపాయల పని ఈ ఏడాది నుంచే చేస్తాయి. ఎనిమిదేళ్ల తరవాత ఇచ్చే పెద్ద మొత్తం ఆ ఎనిమిదేళ్ల భోజనాలను పెట్టలేదు. ఏది మేలన్నది సంస్థ అవసరాన్ని బట్టి ఉంటుంది.

పాలసీ రకాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. ప్రీమియాన్ని మార్కెట్లో మదుపు చేసే యూలిప్ అయితే, సొమ్ము వెనక్కి తీసుకోలేని అయిదేళ్ల లాకిన్ దాటాక యూనిట్ల విలువే దాని విలువ, లెక్క తేలిక. మరణిస్తేనే సొమ్ము వచ్చే టర్మ్ పాలసీకి మామూలుగా సరెండర్ విలువ ఉండదు. ప్రీమియం కట్టడం ఆపేస్తే అది ముగిసిపోతుంది. టర్మ్ పాలసీని దానమివ్వడమంటే ఏటా ప్రీమియం కడతానన్న మాట ఇవ్వడమే. ఆ మాట నిలబెట్టుకోలేకపోతే సంస్థకు ఒక్క రూపాయి కూడా రాదు.

సరెండర్ విలువ ఎంతో ఏజెంటు నోటిమాటగా చెప్పిన అంకెను నమ్మి నిర్ణయం తీసుకోకూడదు. బ్రాంచిలో అర్జీ ఇస్తే సరెండర్ విలువ, పెయిడప్ విలువ, జమ అయిన బోనస్ రాతపూర్వకంగా ఇస్తారు. ఆ ఒక్క కాగితం చేతిలో లేకుండా దానం గురించి మాట్లాడుకోవడం దండగ.

బాండునే బదిలీ చేయాలంటే

లెక్కలన్నీ చూసుకున్నాక కూడా పాలసీనే సంస్థకు రాసివ్వాలనుకునేవారికి చట్టం దారి చూపుతోంది. జీవిత బీమా పాలసీ బదిలీ చేయదగ్గ ఆస్తి. పాలసీలను కొనే ఒక ప్రైవేటు సంస్థకూ ఎల్ఐసీకీ మధ్య నడిచిన వివాదంలో 2015లో సుప్రీంకోర్టు ఈ సంగతిని ఖరారు చేసింది. బదిలీ ఎలా జరగాలో 1938 నాటి బీమా చట్టంలోని 38వ సెక్షన్ చెబుతుంది. దీన్నే అసైన్‌మెంట్ అంటారు.

పద్ధతి చూడటానికి చిన్నదే. బాండు వెనకవైపు గానీ, విడిగా ఒక పత్రం మీద గానీ బదిలీ మాట రాయాలి. పాలసీ నంబరు, రాసిస్తున్నవారి పేరు, ఏ కారణంతో ఇస్తున్నారో, పుచ్చుకుంటున్న సంస్థ ఎలాంటిదో, ఏ షరతుల మీద ఇస్తున్నారో అందులో ఉండాలి. సంస్థ పేరు దాని రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయాలి. వాడుకలో అందరూ పిలిచే పేరు రాస్తే క్లెయిము రోజున తిప్పలు పడాలి. పాలసీదారు సంతకం, కనీసం ఒక సాక్షి సంతకం తప్పనిసరి. తరవాత దీన్ని నోటీసుతో పాటు బ్రాంచిలో ఇవ్వాలి. కంపెనీకి నోటీసు అందేదాకా బదిలీ కంపెనీని కట్టిపడేయదు. ఇద్దరికి రాసిచ్చిన గొడవలు వస్తే, ఎవరి నోటీసు ముందు అందిందన్నదాన్ని బట్టే ఎవరి హక్కు ముందన్నది తేలుతుంది. అందుకే నోటీసు అందినట్టు తేదీతో రసీదు తీసుకోవాలి. అడిగితే, నామమాత్రపు రుసుముతో కంపెనీ ఆ రసీదు ఇవ్వాలి. కాగితం బాండు లేకుండా ఎలక్ట్రానిక్ ఖాతాలో ఉన్న పాలసీలకు విడి పత్రమే దారి.

2015 సవరణ తరవాత ఈ బదిలీని నిరాకరించే అధికారం కంపెనీలకు వచ్చింది. బదిలీ నిజాయతీగా జరగలేదనో, పాలసీదారు ప్రయోజనానికో ప్రజా ప్రయోజనానికో విరుద్ధమనో, పాలసీల వ్యాపారం కోసమనో భావిస్తే తిరస్కరించవచ్చు. అయితే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి, నోటీసు ఇచ్చిన 30 రోజుల్లోపు పాలసీదారుకు తెలియజేయాలి. ఆ నిర్ణయంతో విభేదిస్తే 30 రోజుల్లోపు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్డీఏఐ గడప తొక్కవచ్చు. పేరున్న ధర్మసంస్థకు ఇచ్చే పాలసీకి ఈ అడ్డంకి రాకూడదు. సంస్థ వివరాలు అరకొరగా రాస్తే మాత్రం అనుమానానికి తావిచ్చినట్టే.

బదిలీలో రెండు రకాలున్నాయి, దాతలు బాగా తికమక పడేది ఇక్కడే. సంపూర్ణ బదిలీ చేస్తే పాలసీ మీద సర్వహక్కులూ సంస్థవే. సరెండర్ చేసుకుంటుందో, అప్పు తీసుకుంటుందో, గడువుదాకా ఆగుతుందో దాని ఇష్టం. మనసు మారినా వెనక్కి తీసుకోలేరు. పాత నామినేషన్ కూడా దానంతట అదే రద్దయిపోతుంది. రెండోది షరతుతో కూడిన బదిలీ. గడువుదాకా తాను బతికి ఉంటే సొమ్ము తనకే రావాలి, మధ్యలో పోతే సంస్థకు పోవాలి అన్న షరతును చట్టం అంగీకరిస్తుంది. ఇలా పుచ్చుకున్న సంస్థ పాలసీని సరెండర్ చేయలేదు, దాని మీద అప్పు తీసుకోలేదు. ముసలితనంలో చేతిలో డబ్బు ఉండాలన్న జాగ్రత్త, తాను పోతే ఆ సొమ్ము మంచి పనికి వెళ్లాలన్న కోరిక రెండూ ఉన్నవారికి ఈ షరతు సరిగ్గా సరిపోతుంది. దీని గురించి తెలిసినవారు చాలా తక్కువ. ఏజెంట్లు కూడా సాధారణంగా చెప్పరు.

ఇంత తతంగం ఎందుకు, నామినీగా సంస్థ పేరు రాస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. నామినీ సొమ్ము పుచ్చుకునే చెయ్యి మాత్రమేనని, ఆ సొమ్ము మీద హక్కు వారసులదేనని 1983లో శర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2015 సవరణలో తల్లిదండ్రులను, భార్యను లేదా భర్తను, పిల్లలను నామినీగా రాస్తే వాళ్లకే సొమ్ము దక్కుతుందన్న నిబంధన చేరింది. ధర్మసంస్థకు ఆ రక్షణ లేదు. సంస్థను నామినీగా రాసి కన్నుమూస్తే, వారసులు కోర్టుకెక్కే వీలు అలాగే ఉంటుంది.

వీలునామా ఇంకో దారి. ఇద్దరు సాక్షులతో రాస్తే చాలు, బతికి ఉన్నంతకాలం మార్చుకోవచ్చు. హిందువులు తమ స్వార్జితాన్ని ఎవరికైనా రాయవచ్చు. ముస్లింలు వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా ద్వారా ఇవ్వలేరు. దగ్గరి బంధువులున్న క్రైస్తవులు ధర్మకార్యాలకు రాయడం మీద భారతీయ వారసత్వ చట్టంలోని 118వ సెక్షన్ పెట్టిన ఆంక్షలను సుప్రీంకోర్టు 2003లో కొట్టివేసింది. బీమా సొమ్ము విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. నామినీగా భార్య పేరు ఉండి, వీలునామాలో సంస్థ పేరు ఉంటే ఎవరి మాట చెల్లుతుందన్న దానిపై 2015 సవరణ తరవాత హైకోర్టులు భిన్నంగా స్పందించాయి. భార్యనూ ధర్మసంస్థనూ కోర్టులో ఎదురెదురుగా నిలబెట్టే దానం ఎవరికి కావాలి? నామినేషన్, వీలునామా ఒకే మాట చెప్పేలా చూసుకోవాలి.

సంస్థ పుచ్చుకోగలదా?

దాతలు ఎక్కువగా ఆలోచించని కోణమిది. పుచ్చుకోవడం కూడా ఒక పనే. పాలసీ చేతికొచ్చిన సంస్థ ప్రీమియం తేదీలు గుర్తుపెట్టుకోవాలి, బాండు భద్రపరచాలి, ఎప్పుడో వచ్చే సొమ్ము కోసం ఏళ్లు ఎదురుచూడాలి. నలుగురు మనుషులతో నడిచే అనాథాశ్రమానికి అది భారం. తేదీ దాటాక ప్రీమియం కట్టడానికి ఇచ్చే గ్రేస్ గడువు నెల రోజులే, నెలవారీ పద్ధతిలో 15 రోజులే. అది దాటితే పాలసీ ల్యాప్స్ అవుతుంది, అంటే ఆగిపోతుంది, లేదా పెయిడప్‌కు పడిపోతుంది. మళ్లీ బతికించుకోవడానికి మామూలు పాలసీలకు అయిదేళ్లు సమయం ఉన్నా, అందుకు దాత ఆరోగ్య పత్రం అడగవచ్చు. అంటే దానమిచ్చి చేతులు దులుపుకున్న దాత దగ్గరికే సంస్థ మళ్లీ రావాలి.

పన్ను చట్టం పెట్టిన కట్టడి కూడా ఉంది. పన్ను మినహాయింపు పొందే ధర్మసంస్థలు తమ నిధులను ఏయే రూపాల్లో ఉంచవచ్చో చట్టం జాబితా ఇచ్చింది. ఆ జాబితాలో లేని రూపంలో విరాళంగా వచ్చిన ఆస్తిని, అది వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఏడాదిలోగా మార్చుకోవాలి. లేకుంటే మినహాయింపుకే ముప్పు. జాగ్రత్తగా ఉండే ఆడిటరు, వచ్చిన పాలసీని గడువుదాకా ఉంచుకోకుండా సరెండర్ చేసేయమనే సలహా ఇస్తే ఆశ్చర్యం లేదు. గడువులో 9 లక్షలు చేరుతుందన్న ఆశతో రాసిచ్చిన బాండు, మరుసటి ఏడాదికే 3 లక్షలై సంస్థ ఖాతాలో పడుతుంది. అదే జరిగేటట్టయితే దాతే సరెండర్ చేసి సొమ్ము ఇవ్వడం నయం కదా! బాండు రాసే ముందు సంస్థ కార్యదర్శిని, ఆడిటరును కలిసి, పాలసీని ఏం చేస్తారని సూటిగా అడగాలి. వాళ్లు స్వీకరిస్తామని రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఆగాలి.

తిరుమల తిరుపతి దేవస్థానానికి ఇవ్వాలనుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. భక్తులు షేర్లను కానుకగా ఇవ్వడానికి వీలుగా దేవస్థానం 2015లో డీమ్యాట్ ఖాతా (షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే ఖాతా) తెరిచింది. షేరు ఆ రోజు మార్కెట్ ధరకు అమ్ముడుపోయే వస్తువు, పాలసీ అలాంటిది కాదు. అన్నప్రసాదం ట్రస్టుకో, పేదల ఖరీదైన చికిత్సల కోసం పనిచేసే ప్రాణదానం ట్రస్టుకో ఇవ్వాలన్న సంకల్పం ఉన్నవారు సొమ్ము రూపంలో ఇస్తే ఆ సంకల్పం సూటిగా నెరవేరుతుంది. బాండును హుండీలో వేయడం మాత్రం ఎంతమాత్రం తగదు. 38వ సెక్షన్ ప్రకారం రాసి, సంతకం చేసి, నోటీసు ఇవ్వని బాండు ఎవరికీ హక్కు ఇవ్వదు. అలా వేసిన బాండు దేవుడికీ చెందదు, కుటుంబానికీ అందుబాటులో ఉండదు.

పన్ను రాయితీ

రాయితీ కోసమే దానం చేసేవారు తక్కువే అయినా, అందరూ అడిగే ప్రశ్న ఇది. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80జి సెక్షన్ కింద మినహాయింపు సొమ్ముగా ఇచ్చిన విరాళానికే. వస్తువుగానో పాలసీగానో ఇస్తే వర్తించదు. నగదు అయితే 2,000 రూపాయలు దాటకూడదు, అంతకుమించితే చెక్కు ద్వారానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వాలి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ మినహాయింపే లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి కాబట్టి రసీదుల మీద పాత అంకెలు కనిపించకపోవచ్చు. పాలసీ సొమ్ము మీద పన్ను విషయానికి వస్తే, 2012 ఏప్రిల్ తరవాత తీసుకున్న పాలసీలకు ఏడాది ప్రీమియం పాలసీ మొత్తంలో 10 శాతం లోపు ఉంటే వచ్చే సొమ్ముకు సాధారణంగా పన్ను ఉండదు. పాత పాలసీలకు నిబంధన ఇంకా ఉదారం. పాత పన్ను విధానంలో ఉన్న దాత పాలసీ సొమ్ము తన ఖాతాలోకి తీసుకుని, చెక్కుతో విరాళమిస్తే రెండు వైపులా లాభం. బాండు ఇస్తే ఆ లాభం పోతుంది.

ఇచ్చాక

సొమ్ము ఇచ్చినా బాండు ఇచ్చినా, దేనికోసం ఇస్తున్నారో రాసివ్వడం దాత బాధ్యత. ఈ ఊరికి ఆ పద్ధతి కొత్తది కాదు. తిరుమల ఆలయానికి వెండి భోగ శ్రీనివాసమూర్తిని సమర్పించిన పల్లవ రాణి సామవై, ఉత్సవాలు జరిపించడానికి భూమిని కూడా ఇచ్చింది. ఏమిచ్చిందో, దేనికి ఇచ్చిందో శాసనంలో చెక్కించింది. ఇప్పటి దాతకు రాయి అక్కరలేదు, ఒక ఉత్తరం చాలు. అసలు మొత్తాన్ని శాశ్వత నిధిగా ఉంచి వడ్డీని మాత్రమే వాడాలా, లేక మొత్తాన్నీ ఈ ఏడాదే ఖర్చు చేయవచ్చా అన్నది ఆ ఉత్తరంలో స్పష్టంగా ఉండాలి. శాశ్వత నిధిగా ఇస్తున్నట్టు రాతపూర్వకంగా చెప్పకపోతే దాన్ని మామూలు విరాళంగానే లెక్కిస్తారు. సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు, పాన్ నంబరు ఉన్న రసీదు తీసుకోవాలి.

పాలసీని దానమిచ్చినా ఇవ్వకపోయినా, అది ఉన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియకుండా పోకూడదు. గడువు తీరాక పదేళ్లు దాటినా ఎవరూ అడగని బీమా సొమ్ము కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన వయోవృద్ధుల సంక్షేమ నిధికి బదిలీ అవుతుంది. ఆ తరవాత 25 ఏళ్లలోపు అడిగితే ఇస్తారు, అదీ దాటితే ప్రభుత్వానికే. అదొక మంచి నిధే కావచ్చు, కానీ దాత అనుకున్న అన్నదానమో వైద్యమో అది కాదు.

షరతుతోనో సంపూర్ణంగానో పాలసీని సంస్థకు బదిలీ చేసినవారి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. దాత మరణించిన సంగతి సంస్థకు ఎలా తెలుస్తుంది? క్లెయిముకు మరణ ధ్రువీకరణ పత్రం కావాలి, అది కుటుంబం చేతిలో ఉంటుంది. నాన్నగారు పాలసీ రాసిచ్చిన సంగతి పిల్లలకు తెలియకపోతే, దుఃఖంలో ఉన్న ఇంటికి సంస్థ నుంచి పత్రం కావాలని ఫోను రావడం ఇరువైపులా ఇబ్బంది. కాబట్టి బదిలీ నమోదై వచ్చిన బాండు నకలు ఒకటి ఇంట్లో ఉంచాలి. సంస్థ పేరు, అక్కడ మాట్లాడవలసిన పదవిలోని వ్యక్తి, పాలసీ నంబరు పెద్ద కొడుకుకో కూతురికో రాసివ్వాలి. బీమా కంపెనీ రికార్డులో ఉత్తరాలు వెళ్లే చిరునామా సంస్థదిగా మారిందో లేదో బ్రాంచిలో అడిగి చూసుకోవాలి. చాలా బదిలీల్లో హక్కు సంస్థకు వెళ్లినా చిరునామా దాత ఇంటిదే మిగిలిపోతుంది. ప్రీమియం నోటీసులు, గడువు తీరినట్టు వచ్చే ఉత్తరాలు తాళం వేసిన ఇంటి గుమ్మం దగ్గరే పడి ఉంటాయి. చిరునామా మార్పు అర్జీని బదిలీ నోటీసుతో పాటే, అదే రోజు ఇచ్చేయడం మంచిది.